కదిలే దీవిలో స్థిరాస్తి

నార్త్ కరోలినా తీరాన కొరొల్లా ఊరు దాటి ఉత్తరానికి పోతే తారు రోడ్డు అయిపోతుంది. ఆ పైన ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉన్నవాళ్లే, అదీ సముద్రం పక్కన ఇసుక మీదుగానే, ముందుకు పోగలరు. పోటు తగ్గిన వేళ అక్కడ అలల మధ్య నల్లబడిన చెట్ల మొద్దులు బయటపడతాయి. అవి ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిన దుంగలు కావు. వేళ్లు ఇంకా ఇసుకలోనే ఉన్నాయి, అంటే అక్కడే మొలిచి అక్కడే పెరిగాయి. ఉప్పు గాలి సూటిగా తగిలితే మాడిపోయే ఆ చెట్లు సముద్రానికి ఎదురుగా బతకలేవు. ఇసుక దిబ్బల చాటున, దీవికి అవతలి పక్కన అడవిగా పెరుగుతాయి. ఒకప్పుడు అడవి ఉన్నచోట ఇప్పుడు సముద్రం ఉందన్నమాట. ఇదే సాక్ష్యం దక్షిణాన మరో రూపంలో దొరుకుతుంది. ఒడ్డున పిల్లలు ఏరుకునే గవ్వల్లో ఆల్చిప్పలు కూడా ఉంటాయి. ఆ రకం ఆల్చిప్పలు పెరిగేది దీవి వెనకున్న ఉప్పునీటి కయ్యలో తప్ప అలల సముద్రంలో కాదు. కయ్యలో బతికిన జీవి పెంకు సముద్రపు ఒడ్డున ఎలా తేలింది? పెంకు ఉన్నచోటే ఉంది, దాని మీదుగా దీవే జరిగిపోయింది.

ఈ దీవుల వరుసను ఔటర్ బ్యాంక్స్ అంటారు. దాదాపు 200 మైళ్ల పొడవున, కొన్నిచోట్ల పావు మైలు వెడల్పు కూడా లేకుండా, అట్లాంటిక్‌కూ ప్రధాన భూభాగానికీ మధ్య ఇసుక కట్టలా పరుచుకుని ఉంటాయి. భూగోళ శాస్త్రంలో వీటిని బ్యారియర్ ఐలాండ్స్ అంటారు. మన శ్రీహరికోట కూడా ఈ జాతి దీవే. ముందు బంగాళాఖాతం, వెనక పులికాట్ సరస్సు, నడుమ ఇసుక నేల. సూళ్లూరుపేట నుంచి పులికాట్ మీదుగా ఆ రోడ్డున వెళ్లినవాళ్లకు ఔటర్ బ్యాంక్స్ రూపురేఖలు ఊహించుకోవడం కష్టం కాదు. తేడా ఏమిటంటే శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం ఉంది కనుక ప్లాట్లు అమ్మరు, ఇక్కడ అమ్ముతారు. రాలీ, కేరీ, మోరిస్‌విల్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ తీరం మూడు మూడున్నర గంటల ప్రయాణం. వేసవిలో నాలుగైదు కుటుంబాలు కలిసి పెద్ద ఇల్లు వారం రోజులకు అద్దెకు తీసుకోవడం ఇప్పుడు మామూలే. వారం గడిచేసరికి సహజంగానే ఒక ప్రశ్న పుడుతుంది. ఇంత అద్దె కట్టే బదులు మనమే ఒకటి కొని, మిగతా వారాలు అద్దెకిస్తే? ఆ ప్రశ్నకు నా జవాబు సూటిగా చెబుతాను. ఈ దీవులకు తప్పక వెళ్లాలి, మళ్లీ మళ్లీ వెళ్లాలి. కానీ సముద్రపు ఒడ్డున ఇల్లు మాత్రం కొనకూడదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఈ దీవి ఎలా బతుకుతుందో చెప్పాలి.

ఇసుక దీవికి కదలిక జబ్బు కాదు, అదే దాని ఆయుష్షు. పెద్ద తుఫాను వచ్చినప్పుడు కెరటాలు దిబ్బలు దాటి, ముందువైపు ఇసుకను తీసుకెళ్లి వెనకవైపు పరుస్తాయి. ముందు ఒక అడుగు పోతే వెనక ఒక అడుగు పెరుగుతుంది. వెనక చేరిన ఇసుక మీద బురద గడ్డి మొలుస్తుంది, అది ఇంకొంత మట్టిని పట్టుకుంటుంది. ఇలా దీవి తన ఎత్తునూ వెడల్పునూ నిలుపుకుంటూ, పెరిగే సముద్రానికి మునిగిపోకుండా, భూమి వైపు వెనక్కి దొర్లుతుంది. మంచుయుగం ముగిశాక సముద్ర మట్టం పెరుగుతూ వచ్చిన వేల ఏళ్లలో ఈ దీవులు మిగిలింది ఈ పద్ధతి వల్లే. అప్పుడప్పుడు తుఫాను దీవిని అడ్డంగా తెంపి కొత్త మొగ తెరుస్తుంది. 1846లో వచ్చిన ఒక్క హరికేన్ ఓరెగన్ ఇన్‌లెట్‌ను, హ్యాటరస్ ఇన్‌లెట్‌ను రెండింటినీ తెరిచింది. తెరిచిన మొగ కూడా ఒకచోట ఆగదు. ఓరెగన్ ఇన్‌లెట్ అప్పటి నుంచి దక్షిణంగా రెండు మైళ్ల వరకు జరిగింది. 2003 సెప్టెంబర్ 18న ఇసబెల్ తుఫాను ఫ్రిస్కోకూ హ్యాటరస్ గ్రామానికీ మధ్య దీవిని తెంపేసింది, రోడ్డు సముద్రంలో కలిసింది, ఊరు విడిగా ఒక దీవిలో చిక్కుకుంది. ఆ గండిని ఇసుకతో పూడ్చడానికి సుమారు రెండు నెలలు పట్టింది. 2011లో ఐరీన్ తుఫాను ఇంకా ఉత్తరాన, పీ ఐలాండ్ దగ్గర, మరో గండి కొట్టింది.

1930ల్లో రూజ్వెల్ట్ ప్రభుత్వం నిరుద్యోగులకు పని కల్పించే కార్యక్రమం కింద ఈ తీరం పొడవునా కంచెలు కట్టించి, గడ్డి నాటించి, ఎత్తయిన ఇసుక దిబ్బలను వరుసగా నిలబెట్టింది. ఉద్దేశం మంచిదే. కానీ ఆ దిబ్బల చాటున నేల స్థిరపడిందన్న నమ్మకం కుదిరింది, రోడ్డు వచ్చింది, రోడ్డు పక్కన ఇళ్లు వచ్చాయి. కెరటాలు దిబ్బలు దాటడం తగ్గింది కనుక వెనకకు చేరవలసిన ఇసుక చేరలేదు. ముందు కోత ఆగలేదు. రెండు వైపుల నుంచీ దీవి సన్నబడింది. ఇప్పుడు అక్కడ ఇల్లు కొనేవారు ఆ పాత నమ్మకాన్నే కొంటున్నారు.

యాత్రికుడికి మాత్రం ఈ కదలికే వేడుక. నాగ్స్ హెడ్‌లో జాకీస్ రిడ్జ్ అనే ఇసుక కొండ ఉంది, అమెరికా అట్లాంటిక్ తీరంలో సజీవంగా కదిలే దిబ్బల్లో అన్నిటికన్నా ఎత్తయినది. గాలికి అది నైరుతి దిశగా జరుగుతూ ఒకప్పటి మినీ గోల్ఫ్ మైదానాన్ని మింగేసింది. ఆ మైదానంలో కట్టిన బొమ్మ కోట తల ఒక్కోసారి ఇసుకలోంచి బయటికి కనబడుతుంది, మళ్లీ మునుగుతుంది. 1973లో ఈ దిబ్బను చదును చేసి ఇళ్లు కట్టబోతే కెరొలిస్టా బామ్ అనే స్థానిక మహిళ బుల్డోజరుకు ఎదురుగా నిలబడి ఆపింది, రెండేళ్లకు అది రాష్ట్ర పార్కు అయింది. ఆమె ఆపకపోయి ఉంటే ఆ కొండ ఈరోజు ఏ కాలనీ కిందో ఉండేది. కొద్ది దూరంలోనే కిల్ డెవిల్ హిల్స్. రైట్ సోదరులు 1903 డిసెంబర్ 17న విమానం ఎగరేసింది ఇక్కడే. ఒహాయో నుంచి వాళ్లు ఇంత దూరం వచ్చింది ఎడతెగని గాలి కోసం, పడినా దెబ్బ తగలని ఇసుక కోసం. వాళ్లు గ్లైడర్లు ఎగరేసిన దిబ్బ కూడా ఆ తర్వాత కదిలిపోతూ ఉంటే, గడ్డి నాటి ఆపి, ఆపైనే స్మారక స్తంభం కట్టారు. ఇంకా దక్షిణాన, జనం ఎక్కువగా ఫెర్రీలోనే చేరే ఓక్రకోక్ ఉంది. 1718లో బ్లాక్‌బియర్డ్ అనే సముద్రపు దొంగ హతమైంది దాని దగ్గరి నీళ్లలోనే. అక్కడి ఊరు సముద్రానికి ఎదురుగా లేదు, వెనక కయ్య వైపు, ఓక్ చెట్ల నీడలో చిన్న రేవు చుట్టూ ఉంది. ఈ దీవుల్లో ఊరు ఎక్కడ కట్టాలో తెలిసినవాళ్లు కట్టిన ఊరది. సముద్రం వైపు తీరంలో చాలా భాగం కేప్ హ్యాటరస్ నేషనల్ సీషోర్ కింద ఉంది. 1937లో చట్టం చేసి అమెరికా మొట్టమొదట కాపాడుకున్న జాతీయ సముద్రతీరం ఇది. మైళ్ల కొద్దీ హోటల్ లేని, ఇల్లు లేని ఒడ్డు ఎవరికైనా ఉచితం. ఇక్కడ అనుభవించదగ్గదంతా అందరి ఆస్తిగా ఉన్నప్పుడు, అందులో ఒక ముక్కను సొంతం చేసుకుంటే అదనంగా దక్కేది ఏమిటి?

బక్స్‌టన్ దగ్గర కేప్ హ్యాటరస్ దీపస్తంభం నా వాదానికి అన్నిటికన్నా పెద్ద సాక్షి. నల్లని, తెల్లని చారలు మెలితిరిగిన ఈ ఇటుక స్తంభాన్ని 1870లో కట్టినప్పుడు సముద్రం 1,500 అడుగుల దూరంలో ఉంది. పునాది కింద పైన్ దుంగలను మంచినీటి ఊటలో ముంచి పరిచారు. గాలి తగలనంత కాలం ఆ కర్ర కుళ్లదు, 129 ఏళ్లు కుళ్లలేదు కూడా. కానీ 1999 నాటికి సముద్రం సుమారు 120 అడుగుల దగ్గరికి వచ్చేసింది. అప్పటికి దశాబ్దాలుగా ఇసుక సంచులు వేశారు, అడ్డుగట్లు కట్టారు, ఇసుక పోశారు. చివరికి నేషనల్ అకాడెమీ ఆఫ్ సైన్సెస్ 1988లో ఇచ్చిన సలహా ప్రకారం స్తంభాన్నే జరపాలని నిర్ణయించారు. కూలిపోతుందని స్థానికులు చాలామంది వ్యతిరేకించారు. 4,800 టన్నుల కట్టడాన్ని జాకీలతో పైకెత్తి, ఉక్కు పట్టాల మీద, ఒక్కో తోపుకు కొన్ని అడుగుల చొప్పున, 23 రోజుల్లో 2,900 అడుగులు జరిపారు. ఒక్క ఇటుక రాలలేదు. అంత ఇంజనీరింగ్ సత్తా ఉన్న దేశం సముద్రాన్ని ఆపడానికి దాన్ని వాడలేదు, తప్పుకోవడానికి వాడింది. తర్వాత కట్టిన వంతెనల్లోనూ ఇదే తీరు. 2019లో ఓరెగన్ ఇన్‌లెట్ మీద 25 కోట్ల డాలర్లతో కట్టిన వంతెనకు, పడవలు వెళ్లే లోతు కాలువ ఎటు జరిగినా సరిపోయేలా, ఒకటికి బదులు అనేక ఎత్తైన దారులు పెట్టారు. 2022లో రోడాంతీ దగ్గర దాదాపు 15 కోట్ల డాలర్లతో కట్టిన వంతెన రోడ్డును దీవి మీద నుంచే తప్పించి, వెనక కయ్య మీదుగా 2.4 మైళ్లు తిప్పి తీసుకొచ్చింది. దీపస్తంభమూ రోడ్డూ జరిగాయి. ఇక మిగిలింది ఇళ్లే.

రోడాంతీలో ఆ ఇళ్ల పరిస్థితి దగ్గరగా చూడాలి. గదులన్నీ ఎత్తయిన కర్ర స్తంభాల మీద ఉంటాయి. ఒకప్పుడు ఆ స్తంభాల ముందు దిబ్బ, దిబ్బ ముందు వెడల్పాటి ఒడ్డు ఉండేవి. ఇప్పుడు పోటు వస్తే నీళ్లు స్తంభాల మధ్యే తిరుగుతాయి. మెట్లు గాల్లో వేలాడతాయి. ఇసుక కొట్టుకుపోయి సెప్టిక్ ట్యాంక్ కాంక్రీటు పెట్టె ఒడ్డు మీద బయటపడుతుంది, గొట్టాలు విరిగి ఉంటాయి. ట్యాంక్ పోతే కౌంటీ ఆ ఇంట్లో ఉండే అనుమతి రద్దు చేస్తుంది. అంటే ఇల్లు కూలకముందే అద్దె ఆగిపోతుంది, లోన్ మాత్రం ఆగదు. ఈ ప్రాంతంలో కొన్నిచోట్ల ఏటా 10 నుంచి 15 అడుగుల ఒడ్డు కోతకు పోతోంది. 2022 మే 10న ఒక్కరోజే రోడాంతీలో రెండు ఇళ్లు కూలాయి. మేకులతో ఉన్న చెక్కలు, ఇన్సులేషన్ ముక్కలు మైళ్ల పొడవునా జాతీయ తీరం మీద చెల్లాచెదురయ్యాయి. 2025 సెప్టెంబర్ 30న బక్స్‌టన్‌లో ఒకే మధ్యాహ్నం ఐదు ఇళ్లు సముద్రంలో పడ్డాయి. ఆరోజు అక్కడ తుఫాను తీరం దాటనైనా లేదు, ఎక్కడో దూరాన సముద్రంలో పోతున్న హరికేన్ల అలలు చాలాయి. 2020 నుంచి లెక్కేస్తే ఈ చిన్న తీరంలో ఇరవైకి పైగా ఇళ్లు పోయాయి. 2023లో నేషనల్ పార్క్ సర్వీస్ రోడాంతీలో రెండు ఇళ్లను 7 లక్షల డాలర్లకు పైగా పెట్టి కొన్నది. కొన్నది పడగొట్టడానికే, కూలి ఒడ్డును పాడుచేయక ముందే తీసేయడానికి.

నేల మీద పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదని మనవాళ్లు తరతరాలుగా నమ్ముతారు. మాగాణి విషయంలో, ఊళ్లో స్థలం విషయంలో ఆ నమ్మకం నిలిచింది. ఇక్కడ అది నిలవదు. నార్త్ కరోలినా చట్టం ప్రకారం సగటు పోటు గీత దగ్గర సొంత భూమి ఆగిపోతుంది. ఆ గీత లోపలికి వచ్చిన కొద్దీ స్థలం చట్టపరంగానే ప్రజలదైపోతుంది, పరిహారం లేదు. కాగితం మీద అర ఎకరం ఉన్నా, కింద నేల నీళ్లలో ఉంటే దాన్ని ఎవరికీ అమ్మలేరు.

దీనికి బలమైన అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది, ఇక్కడ 300 ఏళ్లుగా మనుషులు బతుకుతున్నారు కదా అన్నది. బతికారు, అయితే ఎలా బతికారన్నదే అసలు సంగతి. పాత ఊళ్లన్నీ కయ్య వైపు, అడవి చాటున ఉండేవి. ఇళ్లు చిన్నవి. ఉప్పెన వస్తే కొందరు నేల పలకలు తీసి లోపలికి నీళ్లు రానిచ్చేవారు, ఇల్లు తేలి కొట్టుకుపోకుండా. నాగ్స్ హెడ్‌లో పంతొమ్మిదో శతాబ్దంలోనే సముద్రం వైపు కట్టిన విడిది ఇళ్లు ఉన్నాయి, వాటిలో కొన్నింటిని ఎన్నోసార్లు వెనక్కి జరిపారు కనుకనే ఈనాటికీ నిలిచాయి. అది కుదరనిచోట ఊళ్లే ఖాళీ అయ్యాయి. షాకిల్‌ఫర్డ్ దీవిలో డైమండ్ సిటీ అనే జాలరుల ఊరుండేది. 1899లో వచ్చిన హరికేన్ తర్వాత అక్కడివాళ్లు ఇళ్లను ముక్కలుగా విప్పి, పడవల మీద వేసుకుని, హార్కర్స్ ఐలాండ్‌కూ మోర్‌హెడ్ సిటీకీ తరలిపోయారు. రెండు మూడేళ్లలో ఊరు మిగల్లేదు. 1753లో పుట్టిన పోర్ట్స్‌మత్ గ్రామంలో చివరి ఇద్దరు మనుషులు 1971లో వెళ్లిపోయారు. ఈ చరిత్ర నేర్పేది దీవి కదిలితే మనిషీ కదలాలని. ముప్పై ఏళ్ల లోను మీద కట్టిన పది బెడ్‌రూముల ఇల్లు కదలలేదు.

రెండో అభ్యంతరం, ఇసుక పోసి ఒడ్డును పెంచవచ్చు కదా అన్నది. పెంచవచ్చు, పెంచుతున్నారు కూడా. నాగ్స్ హెడ్ 2011లో పది మైళ్ల తీరానికి సముద్రం అడుగు నుంచి 46 లక్షల ఘనపు గజాల ఇసుక తోడి పోసింది, సుమారు 3.6 కోట్ల డాలర్లు ఖర్చయింది. ఒడ్డు వెడల్పయింది, ఇళ్లు నిలబడ్డాయి. దాన్ని వృథా అనడం అన్యాయం. కానీ 2019లో మళ్లీ పోయవలసి వచ్చింది. బక్స్‌టన్‌లోనూ 2018 నాటికి ఒకసారి, 2022లో మరోసారి పోశారు. ఐదు ఇళ్లు పడింది ఆ తర్వాతే. పన్ను కట్టే ఆస్తులు దండిగా ఉన్న పెద్ద పట్టణం ఈ ఖర్చును మోయగలదు. కొద్ది ఇళ్లున్న రోడాంతీ లాంటి ఊరు మోయలేదు. గోడ కట్టమంటారా? నార్త్ కరోలినా 1985 నుంచి సముద్రపు ఒడ్డున శాశ్వత గోడలను ఆపింది, దానికి కారణం ఉంది. టెక్సస్‌లో గాల్వెస్టన్ కూడా ఇలాంటి దీవే. 1900 సెప్టెంబర్ 8 హరికేన్‌లో అక్కడ 6,000 మందికి తక్కువ కాకుండా చనిపోయారు. ఆ తర్వాత 17 అడుగుల ఎత్తు గోడ కట్టారు, ఊరి నేలనే ఇసుకతో పైకి లేపారు. ఊరు బతికింది, గోడ ముందు ఒడ్డు మాత్రం కొట్టుకుపోయింది. ఓడరేవు నగరానికి ఆ బేరం సబబే కావచ్చు. ఒడ్డు కోసమే కొన్న ఇంటికి ఒడ్డు లేకపోతే ఏం మిగులుతుంది?

మూడోది డబ్బు లెక్క. వేసవి అద్దెలతో పది పన్నెండేళ్లలో పెట్టుబడి వస్తుంది, ఆపైన ఇల్లు పోయినా ఇన్సూరెన్స్ ఉంది అంటారు. అద్దెల మాట కొన్ని ఇళ్లకు నిజమే, దాన్ని కాదనను. ఇన్సూరెన్స్ మాట సగమే నిజం. ఇక్కడ మామూలు ఇంటి పాలసీ చాలదు, గాలికి వేరు, వరదకు వేరు తీసుకోవాలి. ప్రభుత్వ వరద బీమా ఇంటికి ఇచ్చేది గరిష్ఠంగా 2.5 లక్షల డాలర్లు, పది లక్షలు దాటిన ఇంటికైనా అంతే. నేల విలువకు ఏమీ రాదు. పైగా ఇల్లు పడ్డాకే ఇస్తారు. పడకముందే జరపడానికో తీసేయడానికో డబ్బిచ్చే చట్టం ఒకటి 1980ల చివర్లో వచ్చింది, 1994లో రద్దయింది. అందుకే యజమాని సముద్రం తీసుకుపోయేదాకా ఎదురుచూడవలసి వస్తుంది, ఆ శిథిలాలు ప్రజల ఒడ్డు మీద పడతాయి. ఇది యజమానుల దుర్బుద్ధి వల్ల జరిగేది కాదు, చట్టం అలా ఉంది. అయినా తెలిసి అందులో చేరడం మన చేతిలో ఉంది. ఇలాంటి కట్టడాలకు ప్రభుత్వ సొమ్ము దన్ను కాకూడదని 1982లోనే అమెరికా ఒక చట్టం చేసింది, అప్పటికి ఇళ్లు రాని ఇసుక దీవుల్లో కొత్తగా కడితే ఫెడరల్ వరద బీమా ఉండదని. మేరీల్యాండ్‌లోని అసటీగ్ దీవిలో 1950ల్లో వేల ప్లాట్లు అమ్మారు, తారు రోడ్డూ వేశారు. 1962 మార్చి తుఫాను ఆ కాలనీ ఆశను తుడిచిపెట్టింది, 1965లో దీవి జాతీయ తీరం అయింది. ఇసుకలో విరిగిన ఆ తారు ముక్కలు ఇప్పటికీ కనబడతాయి, పక్కనే అడవి గుర్రాలు మేస్తుంటాయి.

అందరూ వచ్చి పోయేవాళ్లే అయితే ఈ ఊళ్లు ఎలా బతుకుతాయి అని అడగవచ్చు. నిజానికి ఇప్పుడు ఊరిని పిండుతున్నది విడిది ఇళ్ల కొనుగోళ్లే. ఇళ్లన్నీ వారపు అద్దెలకు పోతే బడి పంతుళ్లకూ హోటల్ పనివాళ్లకూ ఏడాది పొడవునా ఉండే ఇల్లు దొరకదు. యాత్రికుడు ఖర్చుపెట్టే డాలరు చేపల దుకాణానికీ ఫెర్రీ రేవు పక్క హోటల్‌కూ నేరుగా చేరుతుంది.

కనుక వెళ్లండి. జనం తగ్గి నీళ్లు ఇంకా వెచ్చగా ఉండే సెప్టెంబర్ మంచి కాలం, కాకపోతే అది హరికేన్ల కాలం కూడా, ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా అద్దె ఇల్లు తీసుకోకండి. ఒడ్డున ఎర్ర జెండా ఉంటే పిల్లల్ని నీళ్లలోకి దింపకండి, ఇక్కడి లాగుడు ప్రవాహాలు మంచి ఈతగాళ్లనూ లాక్కుపోతాయి. ఎవరైనా బంధువులు ఇల్లు కొనే ఆలోచనలో ఉంటే, సంతకం పెట్టకముందు రాష్ట్ర కోస్టల్ మేనేజ్‌మెంట్ విభాగం అందరికీ అందుబాటులో ఉంచిన కోత పటాల్లో ఆ స్థలం దగ్గర ఏటా ఎన్ని అడుగులు పోతున్నాయో చూడమనండి. ఇంటి ముందున్న ఒడ్డు అడుగులను దానితో భాగించమనండి. వచ్చిన అంకె లోను గడువు కన్నా తక్కువైతే ఆ ఇల్లు కొనవద్దని గట్టిగా చెప్పండి.